బ్యాటరీ ఆరోగ్యం నూటికి నూరు

రెండో శనివారం పొద్దున. అమెరికా క్లయింట్లకు డెమో. జితేందర్ మానిటర్ ముందు కూర్చున్నాడు.

"ఈసారి గనక మధ్యలో లైన్ కట్ అయితే సోమవారం నుంచి రోజూ ఆఫీసుకే. ఇంటి నుంచి పని అన్న మాట మర్చిపో" అని మేనేజర్ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు.

ఆఫీసంటే గచ్చిబౌలి. ఇల్లు నగరం అవతల మొయినాబాద్; రోజూ తిరగాలంటే సగం రోజు ట్రాఫిక్‌కే పోతుంది. కిరాయికి అక్కడే ఉండాల్సి వస్తే తండ్రి సత్తయ్య బర్రెలను ఎవరు చూడాలి? భార్య నవత ఇక్కడి బడిలో టీచరు, ఆ ఉద్యోగం ఏం కావాలి? అందుకే ఆ పూట ఇంట్లో కుక్కర్ కూడా కూత పెట్టలేదు.

జితేందర్‌కు వస్తువు వాడటం కంటే కాపాడటం బాగా వచ్చు. టీవీ రిమోట్ ఇంకా కవర్లోనే ఉంది. సోఫాకు కవరు, కవరు మాయకుండా దుప్పటి, దుప్పటి మాయకుండా పాత చీర. చుట్టాలు ఆ చీర మీద కూర్చుని, సోఫా బాగుందని మెచ్చుకుని పోతారు.

కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌కైతే ఆ పాటి గాలి కూడా తగలదు. సొంత డబ్బుతో మానిటర్, కీబోర్డు, మౌసు కొన్నాడు. లాప్‌టాప్‌ను మూసి, చార్జర్ గుచ్చి, బల్ల మూలన పెట్టి అల్లిక గుడ్డ కప్పాడు. పొద్దున స్విచ్ నొక్కడానికి వేలు పట్టేంత సందు మాత్రం మూత ఎత్తేవాడు.

"వాడకుంటే బ్యాటరీ ఎట్ల తెలుస్తదిరా మంచిగున్నదో లేదో?" అని సత్తయ్య ఒకసారి అడిగాడు.

"కంపెనీ ఇచ్చిన నాడు ఎట్లున్నదో ఇయ్యాల గూడ అట్లనే ఉన్నది బాపు. నూటికి నూరు. రేపు తిరిగి అడిగితే నా పరువు నిలబడాలె గద!"

"మరి కరెంటు పోతే? ఇన్వర్టర్ తెచ్చుకోరాదు?"

"దానికో బ్యాటరీ, దానికి నీళ్లు. రెండు బ్యాటరీల ఆరోగ్యం చూసుడు నా ఒక్కనితోటి కాదు."

ఇంత జాగ్రత్త మనిషి కాబట్టే నవత నగలకు కూడా ఫికర్ లేదు. చేవెళ్ల బ్యాంకు లాకర్లో పెట్టించాడు. నెలనెలా తానే పోయి, తెరిచి, చూసి వచ్చేవాడు. తన బంగారం మీద భర్తకు ఇంత ప్రేమా అని నవత బళ్లో తోటి టీచర్లందరికీ చెప్పుకుంది.

డెమో సగానికి వచ్చింది. క్లయింట్లు "గుడ్, గుడ్" అంటున్నారు.

ఫ్యాన్ ఆగింది. మానిటర్ నల్లబడింది.

"కరెంటోళ్ల నోట్ల మన్ను వడ!" అంటూ సత్తయ్య వసారాలోంచి లేచి వచ్చాడు.

నవత మాత్రం నింపాదిగా ఉంది. "పోయింది మానిటరే గదయ్యా. నెట్ డాటాకార్డుది. మూత తియ్, లోపల నడుస్తనే ఉంటది."

జితేందర్ కదల్లేదు. ఫోన్ మోగింది. మేనేజర్.

"ఏందిరా, ఉద్యోగం మీదికొచ్చినంక గూడ వాడవా?" సత్తయ్య గొంతు లేచింది. "ఎవలకోసం దాస్తున్నవ్, నీ మనుమలకా?"

నవత ఇక ఆగలేదు. గుడ్డ లాగేసి, మూత తెరిచింది. తెర మీద కంపెనీ అతికించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా అట్లాగే ఉంది. దాని కింద చిమ్మచీకటి. స్విచ్ నొక్కింది. మళ్లీ నొక్కింది.

"ఏందయ్యా ఇది? నూటికి నూరంటివి?"

"నూటికి నూరే. అందుల అబద్ధం లేదు."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. జితేందర్ బండి తాళం అందుకున్నాడు.

"ఇప్పుడెటు?" అంది నవత.

"చేవెళ్లకు." గోడ మీది క్యాలెండరు చూసి తాళం మళ్లీ మేకుకు తగిలించాడు. "రెండో శనివారం గద, బ్యాంకు బందు."

"బ్యాంకేంది నడిమిట్ల?"

జితేందర్ నల్లటి తెర వైపే చూస్తూ, "బ్యాటరీ కంపెనీ ఇచ్చిన నాడే ఊడదీసి, నీ చంద్రహారం పక్కన లాకర్ల పెట్టిన" అన్నాడు.