పుల్ల అంటే పుల్ల

“ఆ కెప్టెన్‌కి బుద్ధుందా? పుల్ల తమ్ముడికి పడ్డాక, వాడి బదులు నేను పోతానంటాడేమిటి?” అంది అక్క, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

టీవీలో సముద్రం హోరెత్తుతోంది. తిమింగలాల వేటకు వెళ్లిన ఓడను ఓ తిమింగలమే బద్దలు కొట్టింది. మిగిలినవాళ్లు చిక్కి శల్యమై చిన్న పడవలో పడి ఉన్నారు. తిండి అయిపోయింది. ఒకరు చస్తే తప్ప మిగతావాళ్లు బతకరు. అందుకని, చచ్చేదెవరో తేల్చడానికి పుల్లలు తీశారు.

“సొంత తమ్ముడు కదక్కా. చూస్తూ ఎలా ఊరుకుంటాడు?”

“పుల్ల అంటే పుల్ల. ఎవరికి పడితే వాళ్లే. తర్వాత మాట మార్చేదానికి పుల్లలెందుకు?”

పక్కగదిలో నాన్న మూలిగాడు. తమ్ముడు లేచి ఆ గది తలుపు దగ్గరగా వేశాడు.

నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పిల్లలిద్దరిలో ఎవరిదైనా సరిపోతుందని, ఎవరిస్తారో రేపు చెప్పమని డాక్టరు అన్నాడు. తమ్ముడు అద్దాలు బిగించే పనివాడు, భార్యకు నెలలు నిండాయి. అక్క ఇల్లు నడిచేది ఈ మిషను మీదే, బడికెళ్లే పిల్లలిద్దరు. నాన్నంటే ఇద్దరికీ ప్రేమే. కానీ ఎవరి ప్రాణం వాళ్లకు తీపి కదా. ఇస్తానని ఎవరూ అనలేదు, ఇవ్వననీ అనలేదు. పుల్లల మాట ఎత్తింది మాత్రం అక్కే.

ఆ ఇంట్లో అది కొత్త కాదు. కిటికీ పక్క సీటు దగ్గర్నుంచి ఆఖరి బిస్కెట్టు దాకా వాళ్ల చిన్నప్పటి తగువులన్నీ అగ్గిపుల్లలతోనే తీరేవి. అక్క ఒక పుల్ల విరిచి, తల ఉన్న సగాన్నీ ఇంకో నిండు పుల్లనూ గుప్పిట్లో పట్టుకోవాలి. తమ్ముడు తీయాలి. పొట్టిది వచ్చినవాళ్లు ఓడినట్టు. ఒకరిది తేలాక రెండో పుల్ల చూసేది లేదు. అది నాన్న పెట్టిన చట్టం.

అక్క వంటింట్లోకి వెళ్లి గుప్పిట మూసుకుని వచ్చింది. వేళ్ల సందుల్లోంచి పుల్లల తలలు రెండు కనిపిస్తున్నాయి.

“ఇప్పుడే తేల్చేద్దాం. తియ్యి. అలా చెమటలు కారుస్తావేం, సినిమాలో వాడిలాగా?”

“నాన్నకి వినబడుతుంది, నెమ్మదిగా మాట్లాడు,” అంటూ తమ్ముడు టీవీ సౌండు పెంచాడు.

అతనికి నిజంగానే భయంగా ఉంది. ఒక పుల్ల లాగి, గుప్పిట బిగించి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. గీత పెట్టిన గాజుపలకను బొటనవేలి నొక్కుతో చప్పుడు కాకుండా విరిచే చేతులవి. ఇప్పుడు వాటిలో ఉన్నది ఒక అగ్గిపుల్ల.

“చూశావా?” అక్క గొంతులో తొందర.

తమ్ముడు ఇటు తిరిగి అరచెయ్యి చాపాడు. అందులో సగం పుల్ల ఉంది.

అక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“ఇది కాదు. మళ్లీ తీద్దాం.”

“ఎందుకు? గెలిచింది నువ్వేగా.”

“నీ పెళ్లాం రేపోమాపో కనేలా ఉందిరా.”

“పుల్ల అంటే పుల్ల. ఎవరికి పడితే వాళ్లే. ఇందాక చెప్పిందెవరు?”

అక్క తన చేతిలోని పుల్లను గట్టిగా గుప్పిట్లో బిగించింది. అతను రెండో చెయ్యి జేబులో పెట్టుకుని నాన్న గదిలోకి వెళ్లాడు.

“నాన్నా, నేనిస్తున్నా. ఇంక నిశ్చింతగా పడుకో,” అనడం ఆమెకు వినబడింది.

అక్క వంటింట్లోకి నడిచింది. అగ్గిపెట్టె తెరిచి, చేతిలో మిగిలిన పుల్లను అందులో పెట్టేసింది. కళ్లు తుడుచుకున్నకొద్దీ నిండుతూనే ఉన్నాయి.

అసలు ఆమె ఏ పుల్లనూ విరవలేదు.