వెనక సీటు

కామారెడ్డిలో హైవే ఎక్కబోతూ సాయిలత కారుకు గట్టిగా బ్రేకు వేసింది.

"ముందటికొచ్చి కూసో బాపూ. లేకుంటే బండి ఇంటికి తిప్పుత."

"నాకు ఇక్కడ మంచిగనే ఉంది బిడ్డా" అన్నాడు వెనక సీట్లోంచి ఎంకయ్య.

"నాకు లేదు!" నల్ల కళ్లద్దాలతోనే వెనక్కి తిరిగింది. "మంచు చూస్తనంటివి. కాశ్మీర్ దాక తీస్కపోతున్న. ఎల్లారెడ్డి సంది ఒక్క మాట లేదు. నేనేమన్న నీ డ్రైవర్‌నా? నేను పుట్టినప్పటిసంది సౌదిలనే ఉంటివి. ఇప్పుడన్న నా పక్కకు కూసోబుద్ధి అయితలేదా?"

ఎంకయ్య చూపు ముందరి అద్దం మీదికి పోయింది.

"ఇరవై రెండేండ్లు సేటు పిల్లలను బడికి తీస్కపోయిన. ఎనక కూసుండి లొల్లి చేసేటోళ్లు. అద్దంల వాళ్లనే చూసుకుంట బండి నడిపిన. ఆ అద్దంలనే పెద్దగైండ్రు. పక్కకు కూసుంటే నీ మొకం దిక్కు చూడనీకి సిగ్గైతది బిడ్డా. ఇక్కడ కూసుంటే అద్దంల నువ్వు కనవడ్తవు."

సాయిలత అద్దంలోకి చూసింది. ఆయన చటుక్కున తల దించుకున్నాడు.

ఆమె నల్లద్దాలు తీసి, ఖాళీగా ఉన్న పక్క సీట్లోకి విసిరికొట్టింది.

"తల ఎందుకు దించుతవ్? చూడు!" అని కసిరి, గేరు వేసింది.