కొండెక్కిన దీపం

రాత్రి జరిగిన పొరపాటు తెలిశాక, పొద్దున్నే రేవుకు వెళ్లడానికి పైడమ్మకు మొహం చెల్లలేదు.

తీరంలోని దీపాలన్నిటికీ ఆమే కాపలా. రాత్రి పడగానే ఒక్కటీ వెలగకూడదు. చీకటైతేనే సముద్రం అడుగునుంచి చిట్టి రొయ్యలు పైకొచ్చి నాచు మేస్తాయి. గాలిలోంచి నాచు పీల్చుకున్న పొగనంతా కడుపులో పెట్టుకుని తెల్లారేసరికి లోతుకు దిగిపోతాయి. ఊళ్లు కాస్త చల్లబడింది వాటి పుణ్యానే. వెలుగు కనిపిస్తే మాత్రం పైకి రావు.

మొన్నటిదాకా చేత్తో స్విచ్ నొక్కేది, నోటితో అనాల్సిన పని లేదు. నిన్న సాయంత్రం దాని బదులు మాట వినే పెట్టె వచ్చింది.

"దీపాలు కొండెక్కించు" అంది పైడమ్మ.

ఒడ్డంతా చీకటైంది. ఆమె నిశ్చింతగా ఇంటికెళ్లి పడుకుంది. పెట్టె మాత్రం కొండమీది పెద్ద దీపాన్ని వెలిగించింది. అది సముద్రం వైపే చూస్తుంది కాబట్టి ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

మరిది ఎర్రయ్య గుమ్మంలోకొచ్చాడు.

"ఒక్క రొయ్యా పైకి రాలేదంట వదినా. పెట్టెకు ఏటి చెప్పినావు?"

"ఇంట్లో అన్నట్టే అన్నాను. దీపాన్ని పట్టుకుని ఆ అశుభం మాట నోటితో ఎలగంతానురా?"

"దానికి కొండంటే కొండే కదొదినా. ఒడ్డు మీదవి తీసేసి కొండమీది దీపం ఎలిగించింది."

పైడమ్మ గుమ్మం దాకా వచ్చి కొండవైపు చూసింది.

సాయంత్రం ఊరంతా రేవులో చేరింది. ఆడవాళ్లు ముందే చెవులు మూసుకున్నారు. ఆమె పెట్టెకు దగ్గరగా వంగి, "ఆర్పెయ్" అంది.

కొండా ఒడ్డూ చీకటైపోయాయి.

ఆ చీకట్లో పైడమ్మ సముద్రానికి ఎదురుగా నిలబడి రెండు లెంపలూ వేసుకుంది. ఒకటి రాత్రి రాని రొయ్యలకు, రెండోది ఇప్పుడన్న మాటకు.