రిహార్సల్ మేడం బాబాయి

"నేను లోపలికి వెళ్ళను మేడం," అంది గుసగుస, కాలేజీ ఆఫీసు వరండాలో తను కూర్చున్న బల్లని రెండు చేతులా గట్టిగా పట్టుకుని.

ఆ పిల్ల మాట పక్కవాళ్ళకి కూడా వినపడదని తోటిపిల్లలు పెట్టిన పేరది. మేడంకి మాత్రం ఈ మాట శుభ్రంగా వినపడింది.

మేడం హైస్కూల్లో పెద్ద క్లాసు పిల్లల్ని కాలేజీ సీట్లకీ, ఫీజు రాయితీలకీ తయారుచేస్తారు. ప్రతిదానికీ రిహార్సల్ వేయించడం ఆవిడ పద్ధతి. స్కూలు వాచ్‌మన్‌నీ, డ్రిల్లు మాస్టారినీ, ఆఖరికి కొళాయి బాగుచెయ్యడానికి వచ్చిన మనిషినీ కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటర్వ్యూ అధికారిలా కళ్ళురిమి చూడమనేవారు. పాపం కొళాయి మనిషి మొహమాటపడి రెండు ప్రశ్నలు కూడా అడిగి వెళ్ళాడు. అందుకే పిల్లలకి ఆవిడ రిహార్సల్ మేడం.

రిహార్సల్ అంటే గుసగుసకి ఎక్కడలేని హుషారు వస్తుంది, గొంతు కూడా పెరుగుతుంది. అసలు ఇంటర్వ్యూ అనేసరికి నోరు పెగలదు. మొన్న ఇంకో కాలేజీలో పేరేమిటని అడిగితే నీళ్ళు నమిలి, లేచి వచ్చేసింది. ఇక మిగిలింది ఈ కాలేజీ ఒక్కటే. ఇక్కడ ఫీజు మాఫీ కాకపోతే ఆ పిల్ల చదువు హైస్కూలుతో సరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గదిలోంచి పిలుపు వచ్చింది. గుసగుస బల్ల వదల్లేదు. మేడం అటూ ఇటూ చూసి, దిక్కుతోచక, తన ఉద్యోగంలో ఎన్నడూ ఆడనంత పెద్ద అబద్ధం ఆడేశారు.

"పిచ్చిపిల్లా, ఇది అసలు ఇంటర్వ్యూ అని నీతో ఎవరన్నారు? ఇదీ రిహార్సలే. చోటు అలవాటవుతుందని ఇక్కడిదాకా తీసుకొచ్చాను. లోపల ఉన్నది మా బాబాయి."

"మీ బాబాయి గారు ఇక్కడ పనిచేస్తారా మేడం?"

పనిచెయ్యరనీ, కుర్చీ ఖాళీగా ఉంటే కాసేపు కూర్చోనిచ్చారనీ మేడం సర్దిచెప్పారు. చెబుతూ గుసగుస చెయ్యి పట్టుకుని లేవదీశారు. గుసగుస ఆవిడ మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. తర్వాత జడ వెనక్కి వేసుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక గానీ మేడంకి తను చేసిన ఘనకార్యం అర్థం కాలేదు. ఆ పిల్ల ఇప్పుడు నిజం అధికారిని బాబాయి అనుకుని మాట్లాడుతుంది. రిహార్సళ్ళలో దాని చనువు ఆవిడకి తెలియనిదా? ఒకసారి డ్రిల్లు మాస్టారు ఆవలిస్తే, అసలు అధికారులు అలా ఆవలించరు సార్ అని మందలించిన మనిషి.

మేడం వెళ్ళి తలుపుకి చెవి ఆనించారు. ఫైళ్ళు మోసుకుంటూ ఒక గుమాస్తా అటు వస్తే, తలుపు మెల్లగా వెయ్యమని రాసిన కాగితాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. అతను పోగానే చెవి మళ్ళీ తలుపు దగ్గరికి చేరింది.

మొదట ఏమీ వినపడలేదు. తర్వాత కుర్చీ కిర్రుమంది, ఎవరో పగలబడి నవ్వారు. ఆ వెంటనే గుసగుస గొంతు ఖంగున వినిపించింది.

"బాబాయి గారూ, ఈ ప్రశ్న మా మేడం ఎప్పుడో అడిగేశారు. ఇంకోటి అడగండి."

మేడం గోడకి జారగిలబడ్డారు. ఫీజు మాఫీ గంగలో కలిసింది. ఇక ఈ కాలేజీ తమ స్కూలు పిల్లల్ని గేటు కూడా దాటనివ్వదు. లోపలికి దూసుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడదామా అనుకుంటుండగా అధికారి గొంతు వినిపించింది. ఇంతమంది అడుగుతుంటే మాఫీ నీకే ఎందుకివ్వాలమ్మా అని ఆయన అడుగుతున్నాడు.

"ఇస్తే చదువుకుంటాను. ఇవ్వకపోతే మా అక్క పనిచేసే దర్జీ కొట్లో కాజాలు కుడతాను. కాజాలు బాగానే కుడతాను గానీ, నాకు లెక్కలంటేనే ప్రాణం."

ఆ మాట వణక్కుండా చెప్పింది. ఆ తర్వాత ఆయన లెక్కల గురించి ఏవేవో అడిగాడు. గుసగుస తడుముకోకుండా చెబుతూ పోయింది. భయంతో సగం, గర్వంతో సగం మేడం కళ్ళు తుడుచుకున్నారు.

తలుపు తెరుచుకుంది. గుసగుస వెనకే అధికారి కూడా వచ్చి, సీటుతో పాటు ఫీజు కూడా పూర్తిగా మాఫీ చేస్తున్నామనీ, పిల్లని బాగా తయారుచేశారనీ మేడంతో గంభీరంగా చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మేడం బల్ల మీద కూలబడ్డారు. గుసగుసని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నన్ను క్షమించు తల్లీ. నీతో అబద్ధమాడాను. ఆయన మా బాబాయి కాదు. ఇప్పుడు జరిగిందే అసలు ఇంటర్వ్యూ."

"తెలుసు మేడం," అంది గుసగుస. "నన్ను లేవదీసినప్పుడు మీ చెయ్యి చల్లగా, గజగజ వణుకుతోంది. రిహార్సల్‌కి మీరెందుకు వణుకుతారు? మీ భయం చూశాక నా భయం ఎటుపోయిందో తెలీలేదు."

"మరి ఆయన్ని బాబాయి గారూ అని పిలిచావు కదే?"

"మా మేడం బయట హడలిపోతున్నారు, నేను ఆవిడ మాట నమ్మానని తెలిస్తే కాస్త స్థిమితపడతారు, తలుపు బయటికి వినపడేలా కాసేపు ఆవిడ బాబాయిలా ఉండండి సార్ అని వెళ్ళగానే ఆయన్ని బతిమాలుకున్నాను మేడం."