మేక కాలికి పట్టీ

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. మాతోనే ఉండే నా భార్య రత్తమ్మ చెల్లెలు చనిపోయి మూడు రోజులు. కూలీల మనసు కొలవడానికి కట్టిన పట్టీ రత్తమ్మ చేతికి ఎర్రగా వెలుగుతోంది. మనసు బాగోలేదని పట్టీ చెబితే మిరపకోతకు రానివ్వరు, విశ్రాంతి కేంద్రానికి తీసుకుపోతారు. అక్కడికి వెళ్లినవాళ్లు నెలకు గానీ తిరిగి రారు. అందుకని పట్టీ విప్పి, నెమరేస్తున్న మేక కాలికి కట్టాను. పట్టీ పచ్చబడింది. మేస్త్రి ఫోనులో చూసి ఆమెను కోతకు రమ్మన్నాడు.

సాయంత్రం అతనే వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అన్నాడు: "రత్తమ్మక్కా, ఊరు మొత్తానికి నీ మనసే చల్లగా ఉందంట!"

చావింటికి వంతులవారీగా కూడు తెచ్చే ఆడవాళ్లు ఆ పూట రాలేదు.

"తోడబుట్టింది పోతే చీమ కుట్టినట్టైనా లేదు. ఆమెకు మన కూడెందుకే?" అని పక్కింటి బుల్లెమ్మ గట్టిగానే అంది.

నేనే అన్నం వండాను. ఇద్దరం తిన్నాం.