చూరులోని సీసా

“ఎంతసేపు కొలుస్తారు? కొలిస్తే పెరుగుతాయా అవి?”

భార్య తితిన్ మాటకి ఓయోన్‌కి ఒళ్ళు మండింది. వెదురు కొట్టంలో తన కుర్రపొట్టేలు వెనక గొంతుక్కూర్చుని, దాని వట్టల చుట్టూ నూలుతాడు తిప్పి చూస్తున్నాడతను. కంచె అవతల పక్కింటి దాయత్ పొట్టేలు తాపీగా నెమరేస్తోంది. దాని వెనక రెండు కొబ్బరిబోండాలు వేలాడుతున్నట్టే ఉంది.

రెండూ ఒక్క గొర్రెకి పుట్టిన కవలలు. గొర్రె ఇద్దరిదీ ఉమ్మడిది కాబట్టి చెరో పిల్లా తీసుకున్నారు. తాత కాలం నుంచీ ఈ గారుత్ కొండల్లో మందకి విత్తనపు పొట్టేలు ఓయోన్ ఇంటినుంచే వెళ్ళేది. వట్టలు పెద్దవిగా ఉన్న పొట్టేలునే ఊరు ఎంచుకుంటుంది. ఈసారి ఆ కొలతలో ఓడితే ఆ పేరూ పోతుంది, పొట్టేలూ బక్రీదు కత్తికి పోతుంది.

“దాయత్‌ని చూసి నేర్చుకోండి” అంది తితిన్. “నిరుడు చీపురుపుల్లలా ఉండేవాడు. ఇప్పుడా భుజాలేంటి, ఆ గడ్డమేంటి, ఆ గొంతేంటి!”

“అంత మగాడికి పిల్లలేరీ?”

“దానికి ఆయనేం చేస్తాడు? లోపం వాళ్ళావిడ ఇమాస్‌దేనట. పాపం, చేదు కషాయాలు తాగలేక చస్తోంది.”

ఓయోన్ నూలుతాడు విసిరికొట్టాడు. కొట్టంలో చూస్తే వాడి పొట్టేలే గొప్ప, ఇంట్లో చూస్తే పెళ్ళాం నోట వాడి పాటే!

అంతలో దాయత్ తన కొట్టంలోంచి తొడ రుద్దుకుంటూ, కుంటుతూ బయటికొచ్చాడు.

“ఏమైంది తమ్ముడూ?”

“పొట్టేలు కుమ్మిందన్నా.”

వారం వారం ఇదే మాట. చూస్తే ఆ పొట్టేలు పిల్లిపిల్ల. వీధిలో పిల్లలు దాని మీదెక్కి ఊరేగుతారు. ఏదో దాస్తున్నాడు వీడు!

శుక్రవారం దాయత్ నమాజుకి వెళ్ళగానే ఓయోన్ ఆ కొట్టంలో దూరాడు. చూరులో, గడ్డి మధ్య గుడ్డ మూట. విప్పితే ఓ సూది, ఓ చిన్న సీసా. సీసా మీద పేరు చదివాడు. మగ హార్మోను!

“ఓరి దొంగా! పొట్టేలుకి పొడుస్తున్నావా?”

ఆ వారమే సంతలో అలాంటి సీసాయే కొన్నాడు. వారం వారం పొడిచాడు. రెండు నెలలు తిరిగేసరికి పొట్టేలు మెడ లావెక్కింది. తడిక విరగ్గొట్టింది. తితిన్‌ని బావిదాకా తరిమింది. ఓయోన్‌కి ఆనందం పట్టలేదు. వట్టలు కాస్త చిన్నగా కనిపించాయి గానీ, మెడ లావెక్కింది కదా, దాని పక్కన అలాగే కనిపిస్తాయిలే అనుకున్నాడు.

ఎంపిక రోజు ఊరంతా మైదానంలోనే ఉంది. పశువుల డాక్టరమ్మ మొదట దాయత్ పొట్టేలుకి టేపు చుట్టి, భేష్ అంది. తరవాత ఓయోన్ పొట్టేలు వెనక వంగి, చేత్తో నొక్కి చూసి మొహం చిట్లించింది.

“దీనికి హార్మోను సూదులేశావా?”

ఓయోన్ పొట్టేలు పలుపు సవరించసాగాడు.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! బయటినుంచి పోస్తుంటే తలలో ఉన్న గ్రంథి ఊరుకుంటుందా? సరుకు వచ్చి పడుతోందిగా, ఇక మీరు పని మానండని బీజాలకి చెప్పేస్తుంది. అవి ఎండిపోతాయి. పైకి మగసిరే, లోపల విత్తనం ఉండదు. దీన్ని ఎంపికలోంచి తీసెయ్యండి.”

జనం గొల్లున నవ్వారు. ఓయోన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వుల్లో తితిన్ గొంతు కూడా వినబడేసరికి ఇక ఆగలేకపోయాడు.

“మరి వాడిదెందుకు ఎండలేదు? వాడు పొడిస్తే కొబ్బరిబోండాలూ, నేను పొడిస్తే వక్కలూనా? వాడి చూరులో సీసా నేను కళ్ళారా చూశాను! వాణ్ణీ తీసెయ్యండి!”

నవ్వులు ఆగిపోయాయి. అందరూ దాయత్ వైపు తిరిగారు. డాక్టరమ్మ సూదుల సంగతి చెప్పినప్పటినుంచీ అతని మొహం పాలిపోయే ఉంది.

“ఆ సీసా నీదేనా?” అంది డాక్టరమ్మ.

“నాదే.”

“చూశారా!” ఓయోన్ గంతేశాడు.

“ఎన్నాళ్ళుగా వాడుతున్నావు?”

“ఏడాదిగా.”

డాక్టరమ్మ అతని పొట్టేల్ని మళ్ళీ నొక్కి చూసింది. “అబద్ధం. దీనికి ఒక్క సూది కూడా పడలేదు.”

జనం చివర, చేతిలో కషాయం సీసాతో నిలబడ్డ ఇమాస్ వంక దాయత్ చూశాడు. తరవాత డాక్టరమ్మ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“మానేస్తే మనిషికైనా మళ్ళీ విత్తనం వస్తుందా, డాక్టరమ్మా?”