ఒక జీబీలో రెండు భాషలు

మూడు గంటలకు కరువు చూసే జీపు వస్తుంది. పదకొండైనా పెట్టె లేవలేదు.

పెట్టె అంటే గుమ్మఘట్ట వేరుశనగ రైతుల సంఘం వాళ్ల స్టోరేజీ సర్వరు. రెండు ఇటుకలు జతచేసినంత ఉంటుంది. నూట నలభైమంది రైతుల ఎండిన చేల ఫొటోలు దాని కడుపులోనే ఉన్నాయి. వేరే సాక్ష్యం లేదు. డెబ్బై రోజులు మొహం చాటేసిన వాన, కాయంతా మాడిపోయాక, పోయిన వారం వచ్చి రెండు రోజులు దంచికొట్టింది. ఇప్పుడు చేలనిండా గడ్డి. జీపులో వచ్చేవాళ్ల కంటికి గుమ్మఘట్ట కోనసీమలా కనబడుతుంది.

కరువు జాబితాలో పేరు ఎక్కకపోతే వచ్చే పంటకు విత్తనం రాదు. ఎనిమిదెకరాలు పోగొట్టుకున్న గంగక్క పొద్దున్నుంచీ సంఘం ఆఫీసు గడపలోనే కూర్చుంది.

"సిస్టం లావెక్కిందన్నా," అన్నాడు కంప్యూటర్ పని తెలిసిన వీరేష్. "అది కూర్చునే చిప్పులో జాగా ఒక జీబీనే. కంపెనీవాళ్లు పాటలు, ఆటలు, ప్రింటరు, అన్నీ కూరినారు. ఊపిరాడక పడిపోయింది. పనికిరానివి తీసేసి, చిన్న సిస్టం కట్టి ఎక్కిస్తా."

"ఫొటోలుండే ఆ డిస్కులు పీకి నీ ల్యాప్‌టాప్‌కు తగిలించరాదా?" అన్నాడు అధ్యక్షుడు పుల్లన్న.

"ఈ పెట్టెకు తప్ప ఇంకోదానికి తెరుచుకోవు."

"అయితే కొయ్. గొర్రెకు బొచ్చు తీసినట్ల తియ్."

వీరేష్ ల్యాప్‌టాప్ తెరిచాడు. సిస్టంలో ఉన్నవాటి జాబితా వచ్చింది. సంఘమంతా వెనక నిలబడి మెడలు సాచింది. పాటలు పోయాయి. ప్రింటరు పోయింది. చదరంగం పోతుంటే ఎవరో అయ్యో అన్నారు. భాషల వంతు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల వరసలో కన్నడ ముందు, తెలుగు వెనక. బాణం గుర్తు కన్నడ అక్షరాల మీదకు వచ్చింది.

"ఏనప్పా ఇదు! ఆపు!"

ఉపాధ్యక్షుడు గంగాధరప్ప. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, కోపంలో రెండూ.

"కన్నడం తీసేస్తాండావా? సంఘంలో అరవైమంది మావాళ్లు. మా అక్షరాలు నీకు గొర్రెబొచ్చా?"

"ఏదో ఒకటి పోవల్ల గదప్పా," అన్నాడు పుల్లన్న. "ఈడ రాజ్యం తెలుగుది."

"అయితే తెలుగే తీయించు!"

"మామా, రెండూ..." అన్నాడు వీరేష్.

"నువ్వు నోరు మూసుకో! కత్తెర పట్టుకున్నోడు కత్తెర పనే చెయ్యల్ల," అని పుల్లన్న సిస్టం ఎక్కించాల్సిన పెన్‌డ్రైవ్ లాక్కొని గుప్పిట్లో బిగించాడు.

పన్నెండైంది. ఒకటైంది. కుర్చీలు వెల్లకిలా పడ్డాయి.

"మా నాయన ఈ ఆఫీసుకు జాగా రాసిచ్చినప్పుడు ఏ భాషలో ఇచ్చినాడు?" అన్నాడు గంగాధరప్ప.

"సంతకం తెలుగులోనే పెట్టినాడు, పోయి చూసుకో!"

"ఆ తెలుగు నేర్పిన అయ్యవారు బళ్లారోడు!"

ఆ కేకలకు కణేకల్ కాలవలో కొంగలు లేచిపోయాయంటారు. కణేకల్ ఎంత దూరమో మీరే చూసుకోండి.

వీరేష్‌కు ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ మూత టపీమని మూశాడు. "జీపు వస్తాదన్నా! కొట్లాడుకునేదానికి సాయంత్రముండాది!"

"సాయంత్రానికి మా భాష ఉండదు!" గంగాధరప్ప గొంతు బొంగురుపోయింది.

రెండున్నరకు రాజీ కుదిరింది. రెండు భాషలూ ఉండాల్సిందే.

"రెండూ పెడితే చిప్పులో పట్టదు," అన్నాడు వీరేష్.

"పట్టించు!" అన్నారిద్దరూ. ఆ పొద్దంతా వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే.

వీరేష్ పళ్లు నూరుకుంటూ పుల్లన్న గుప్పిట్లోంచి పెన్‌డ్రైవ్ తీసుకొని ఎక్కించాడు. తొంభై శాతం దగ్గర ఆగింది. జాగా లేదంది. తిట్టుకుంటూ ఇంకేదో తీసి మళ్లీ ఎక్కించాడు. తొంభై మూడు దగ్గర ఆగింది.

జీపు ఐదు నిమిషాలు ముందే వచ్చింది. దిగినవాళ్లు చేల వైపు చూశారు. గడ్డి పచ్చగా ఊగింది.

"ఎండిన చేల ఫొటోలున్నాయన్నారు?"

"పది నిమిషాలు సార్! రెండు భాషల్లోనూ చూపిస్తాం!" అన్నాడు పుల్లన్న.

అరగంట కూర్చున్నారు. పెట్టె లేవలేదు. కాగితం మీద ఏదో రాసుకొని పక్కనున్న బెళుగుప్ప దారి పట్టారు. గంగక్క దుమ్ములో జీపు వెంట నాలుగడుగులు పరిగెత్తి, ఆగిపోయింది.

లోపల మళ్లీ మొదలైంది. నీ కన్నడం వల్ల పోయిందని ఒకరు, నీ తెలుగు వల్ల పోయిందని ఒకరు. చొక్కాల దాకా చేతులు పోయాయి.

గంగక్క ఇద్దరి మధ్య నుంచి తోసుకొని పోయి, పెట్టెను రెండు చేతులా ఎత్తి, చుట్టూ తిప్పి చూసింది. పైన చూసింది, కింద చూసింది.

"మా నోట్లో మన్ను కొట్టినారు గదరా! ఆ అక్షరాలేందో నేనూ చూస్తా. దీంట్లో యాడ కనపడతాయి?"

చొక్కాలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే వీరేష్ వైపు తిరిగారు.

"యాడా కనపడవు గంగక్కా, ఈ పెట్టెకు తెరే లేదు, దీంట్లో ఫొటోలు తెరిచి చూసేది ఎవరి ఫోన్లో వాళ్లే," అన్నాడు వీరేష్.